అమెరికాలో చేతి తుపాకి – మన విద్యార్థి

మన కళాశాల నుంచి ఏటా ఎంతమంది పై చదువులకు అమెరికా వెళుతున్నారో ఈ సంచిక చదివే అధ్యాపకులకు నాకంటె బాగా తెలుసు. వెళ్ళబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ మా బోటి పాత విద్యార్థులను అడిగే ప్రశ్నలు సాధారణంగా ఫీజుల గురించీ, అద్దె గదుల గురించీ, ఆవకాయ జాడీ విమానంలో రానిస్తారా లేదా అన్నదాని గురించీ ఉంటాయి. కొంతకాలంగా మరో ప్రశ్న కూడా వినబడుతోంది. "అన్నా, అక్కడ అందరి దగ్గరా తుపాకులుంటాయటగా! మనం కూడా ఒకటి కొనుక్కుని దగ్గర పెట్టుకోవచ్చా?" పిల్లల తల్లిదండ్రులైతే ఇదే ప్రశ్నను భయంభయంగా, గొంతు తగ్గించి అడుగుతారు.

ఇది నవ్వి కొట్టిపారేసే ప్రశ్న కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథె ఊళ్ళో పని ముగించుకుని కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒక దుండగుడు కాల్పులు జరిపాడు. వారిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. అడ్డుపడబోయిన ఒక అమెరికన్ యువకుడు కూడా గాయపడ్డాడు. ఆ వార్త వచ్చిన వారం రోజులూ మన ఊళ్ళలో ఏ ఇంట్లో చూసినా అదే మాట. అటువంటప్పుడు "మన దగ్గరా ఒకటుంటే బాగుండును" అని కుర్రవాడికి అనిపించడం సహజమే.

నేను వకీలును కాను. టెక్సస్‌లో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసిన ఇంజనీరును. అక్కడ చూసినదీ, చదివినదీ, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నదీ మీ ముందు పెడుతున్నాను. నిజంగా ఇబ్బంది వచ్చినప్పుడు వకీలు దగ్గరకు పోవలసిందే. అయితే ఆ అవసరం రాకుండా ఉండాలంటే మూడు ప్రశ్నలకు జవాబు తెలిసి ఉండాలి. నువ్వెవరు? ఎక్కడున్నావు? పేల్చిన తర్వాత ఏమిటి?

అక్కడ హక్కు, ఇక్కడ అనుమతి

మన దేశంలో తుపాకి అంటే సర్కారు అనుమతితో ఉండే వస్తువు. తెల్లదొరలు 1878లో ఆయుధాల చట్టం తెచ్చి భారతీయుల చేతుల్లో తుపాకి లేకుండా చేశారు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోవలసివచ్చిందంటే కారణం ఆ కరువే. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చింది. దాని 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి గాని, తూటా గాని దగ్గర ఉంచుకోకూడదు. అడిగినవాడికల్లా లైసెన్సు ఇవ్వరు. పోలీసు విచారణ జరగాలి, తగిన కారణం చూపాలి. తుపాకి కలిగివుండే హక్కును మన రాజ్యాంగం ఎవరికీ ఇవ్వలేదని 2023లో సుప్రీంకోర్టు మరోసారి గుర్తు చేసింది.

అమెరికాలో లెక్క తిరగబడుతుంది. 1791 నాటి రెండవ రాజ్యాంగ సవరణ ఆయుధాలు ధరించడాన్ని ప్రజల హక్కుగా చెప్పింది. ఇంట్లో రక్షణకు చేతి తుపాకి ఉంచుకోవడం పౌరుడి వ్యక్తిగత హక్కేనని అక్కడి సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో తేల్చింది. ఇంటి బయట వెంట పెట్టుకు తిరగడం కూడా ఆ హక్కులో భాగమేనని 2022లో బ్రూయెన్ కేసులో చెప్పింది. సగానికి పైగా రాష్ట్రాల్లో ఇప్పుడు అర్హత ఉన్న మనిషి ఏ పర్మిటూ లేకుండానే చేతి తుపాకి వెంట తీసుకుపోవచ్చు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్ కూడా ఆ కోవలో చేరింది.

మన కుర్రాడు అనుమతుల దేశం నుంచి హక్కుల దేశంలో దిగుతాడు. క్రికెట్ బ్యాట్లు పేర్చినట్టు అద్దాల బీరువాలో పిస్తోళ్ళు పేర్చి ఉంటాయి. పక్కింటి పెద్దమనిషి నడుముకు ఒకటి తగిలించుకుని కూరగాయలు కొంటుంటాడు. ఇది అందరికీ ఉన్న హక్కు, నాకూ ఉంటుంది అనుకుంటాడు. చిక్కంతా ఇక్కడే. "అర్హత ఉన్న మనిషి" అన్న ఆ రెండు మూడు మాటల్లోనే మనవాడు బయట నిలబడిపోతాడు.

నువ్వెవరు?

అమెరికాలో రాష్ట్రాల చట్టాలు వేరు, వాటి మీద మొత్తం దేశానికి వర్తించే ఫెడరల్ చట్టం వేరు. వలస కోసం గాక తాత్కాలిక పని మీద వీసాతో వచ్చిన విదేశీయుడు తుపాకి గాని, తూటాలు గాని కలిగివుండకూడదని 1998లో ఫెడరల్ చట్టంలో చేర్చారు. చదువుకునే ఎఫ్-1, చదువయ్యాక ఉద్యోగ శిక్షణలో ఉన్న ఎఫ్-1, ఉద్యోగపు హెచ్-1బి, భార్యాభర్తలకిచ్చే హెచ్-4, పిల్లల్ని చూడవచ్చిన తల్లిదండ్రుల బి-2, అన్నీ ఇందులోకే వస్తాయి. శిక్ష 2022 వరకు పదేళ్ళ దాకా ఉండేది. ఆ ఏడాది జూన్‌లో దాన్ని పదిహేనేళ్ళ దాకా పెంచారు. పర్మిటు అక్కరలేదన్న టెక్సస్ చట్టం కూడా ఫెడరల్ నిషేధం ఉన్నవారికి వర్తించదని తనే చెబుతోంది.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. అందరి నోటా వినబడేది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి తెప్పించుకుంటే సరి అని సలహా ఇచ్చే సీనియర్లు ఉంటారు. అది నిజమే కాని సగం నిజం. ఆ లైసెన్సు ఫెడరల్ నిషేధం ఒక్కదాన్నే తొలగిస్తుంది. రాష్ట్రం తన చట్టంతో కాదనవచ్చు. గడువు తీరిన మర్నాటి నుంచీ ఇంట్లో ఉన్న పిస్తోలు నేరమై కూర్చుంటుంది. ఏ కారణం చేతనైనా వీసా హోదా పోయి అక్రమంగా ఉన్నట్టయితే ఈ మినహాయింపు అసలే అక్కరకు రాదు.

"నేను కొనడం లేదు కదా, ఊరికే పట్టుకున్నాను" అంటారు కొందరు. చట్టం అడిగేది ఎవరు కొన్నారని కాదు, ఎవరి స్వాధీనంలో ఉందని. జేబులో ఉంటేనే స్వాధీనం అనుకోకూడదు. ఎక్కడుందో తెలిసి, కావాలంటే తీసి వాడుకునే వీలూ, ఆ ఉద్దేశమూ ఉంటే అది కూడా స్వాధీనమే. శనివారంనాడు స్నేహితులతో షూటింగ్ రేంజికి పోయి సరదాకి నాలుగు గుళ్ళు పేల్చినా ఆ కాసేపూ తుపాకి నీ చేతిలో ఉన్నట్టే. దాన్ని ఫొటో తీసి పదిమందికీ పంపితే సాక్ష్యం కూడా నువ్వే తయారుచేసి ఇచ్చినట్టు.

ఈ మాట భయపెట్టడానికి చెప్పడం లేదు. రెహైఫ్ అనే విద్యార్థి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి ఫ్లోరిడాకు చదువుకోవడానికి వచ్చాడు. మార్కులు రాక కళాశాల తీసేసింది. దానితో వీసా హోదా పోయింది. తిరిగి వెళ్ళకుండా అక్కడే ఉండి ఒకనాడు షూటింగ్ రేంజిలో తుపాకి కాల్చాడు. కేసు పెట్టి పద్దెనిమిది నెలల శిక్ష వేశారు. 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఎందుకు? తన హోదా పోయిందన్న సంగతి అతనికి తెలుసునని ప్రభుత్వం రుజువు చెయ్యాలి, ఆ రుజువు అడగకుండా శిక్ష వెయ్యకూడదు అని. చూశారా, "తుపాకి పట్టుకోకూడదన్న చట్టం నాకు తెలియదు" అన్న వాదనకు ఆ తీర్పులో చోటు లేదు. తాను ఏ వీసా మీద వచ్చాడో తెలియని మన విద్యార్థి ఎవరు?

మరో దారి చూద్దాం. పౌరసత్వం ఉన్న మిత్రుడి చేత కొనిపించి మనం ఉంచుకుంటే? దుకాణంలో నింపే ఫారంలో "నిజంగా కొనుగోలుదారు నువ్వేనా" అని మొదట్లోనే అడుగుతారు. ఒక మాజీ పోలీసు, తగ్గింపు ధరకు వస్తుంది కదా అని మేనమామ కోసం పిస్తోలు కొన్నాడు. మేనల్లుడికీ అర్హత ఉంది, మేనమామకూ ఉంది. అయినా ఫారంలో తనకోసమేనని రాసినందుకు నేరం ఖాయమైంది. అబ్రామ్‌స్కీ కేసు అంటారు దీన్ని. 2014లో సుప్రీంకోర్టు కూడా శిక్షను సమర్థించింది. అర్హులిద్దరి మధ్యే ఇంత గొడవైతే, అర్హత లేని మనకోసం కొన్న మిత్రుడి గతి ఏమిటి? 2022 నుంచి అలా ఇంకొకరి కోసం కొనిపెట్టడానికే ప్రత్యేకంగా పదిహేనేళ్ళ దాకా శిక్ష పెట్టారు. స్నేహం కొద్దీ సాయపడ్డవాణ్ణి కూడా మనతోపాటు గోతిలోకి లాగినట్టవుతుంది.

ఎక్కడున్నావు?

గ్రీన్‌కార్డు వచ్చినవారికీ, పౌరులైపోయిన పాత విద్యార్థులకూ పై నిషేధం లేదు. వారికి రెండో ప్రశ్న ముఖ్యం. మన దేశంలో ఒకే చట్టం, అక్కడ మాత్రం రాష్ట్రానికో చట్టం. డ్రైవింగ్ లైసెన్సు ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతా చెల్లుతుంది. తుపాకి పర్మిటు అలా చెల్లదు.

ఫిలడెల్ఫియా నగరంలో ఉండే, ఇద్దరు పిల్లల తల్లి ఒకామె తన రాష్ట్రం పెన్సిల్వేనియాలో పర్మిటు తీసుకుని చట్టబద్ధంగా పిస్తోలు కొనుక్కుంది. 2013 అక్టోబరులో నది దాటి న్యూజెర్సీలోకి వచ్చింది. ట్రాఫిక్ పోలీసు కారు ఆపాడు. ఆమె నిజాయితీగా, తన దగ్గర పిస్తోలుందని తనే చెప్పింది. అక్కడికక్కడే అరెస్టు చేశారు. న్యూజెర్సీ చట్టం ప్రకారం కనీసం మూడున్నరేళ్ళు జైల్లో గడపవలసిన నేరం అది. దేశమంతా గోల పుట్టాక 2014లో జైలు తప్పించే మార్గం చూశారు, 2015లో గవర్నరు క్షమాభిక్ష పెట్టాడు. ఆమెకు దక్కిన ఆ క్షమాభిక్ష అందరికీ దక్కుతుందని అనుకోవడానికి లేదు. న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు ఎంతమందో! వారి ఇళ్ళకు పెళ్ళికో పేరంటానికో పొరుగు రాష్ట్రాల నుంచి కారేసుకు వచ్చే బంధువులు గుర్తుంచుకోవలసిన కథ ఇది.

రాష్ట్రాలు దాటి ప్రయాణం చేసేవారికి 1986 నాటి ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇచ్చింది. బయలుదేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకి చట్టబద్ధమై ఉండాలి. తూటాలు తీసేసి ఉండాలి. తుపాకి గాని, తూటాలు గాని కూర్చున్నచోటి నుంచి అందకూడదు. కారుకు డిక్కీ లేకపోతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. ముందున్న గ్లవ్ బాక్సు ఆ పెట్టె కిందకు రాదు.

రాష్ట్రం లోపల కూడా అన్ని చోట్లా ఒకటే లెక్క కాదు. బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకి తేకూడదని ఫెడరల్ చట్టం ఉంది. ఆ రాష్ట్రపు లైసెన్సు ఉన్నవారికి దాన్నుంచి మినహాయింపు ఉంది, పర్మిటు లేకుండా తిరిగేవాడికి లేదు. టెక్సస్ విశ్వవిద్యాలయాల్లోకి 2016 ఆగస్టు 1 నుంచి చేతి తుపాకి దాచి తీసుకురానిస్తున్నారు గాని లైసెన్సు ఉన్నవారిని మాత్రమే. మద్యం అమ్మకాల మీదే ప్రధానంగా నడిచే చోట్ల ఎర్రటి పెద్ద అక్షరాలతో 51 శాతం అని బోర్డు ఉంటుంది. ఆ గడప తుపాకితో దాటకూడదు. బోర్డు చూడలేదన్నవాడి మాట ఎంతవరకు నమ్ముతారో మీరే ఊహించుకోండి.

ఒక్క మాట మరువకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నా మనిషి ఇంకా విదేశీయుడే. ఏ చట్టం కిందనైనా తుపాకి నేరం రుజువైతే దేశం నుంచి పంపించివేయడానికి అది చాలు. పౌరుడికైతే జరిమానాతో పోయేది, గ్రీన్‌కార్డు మనిషికి ఇల్లూ వాకిలీ పోయే సంగతి అవుతుంది.

పేల్చిన తర్వాత?

సినిమాలో హీరో పేల్చగానే విలన్ పడిపోతాడు, తెర మీద "శుభం" పడుతుంది. జీవితంలో అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఆత్మరక్షణ అనిపించుకోవాలంటే ప్రాణానికి గాని, తీవ్రమైన గాయానికి గాని అప్పటికప్పుడు ముప్పు ఉందని నమ్మాలి. ఆ నమ్మకం మామూలు మనిషికి సబబుగా తోచాలి. ఫ్లోరిడా 2005లో చేసిన చట్టం ప్రకారం బయట కూడా వెనక్కి తగ్గనక్కరలేదు. చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. న్యూయార్క్, న్యూజెర్సీ వంటి చోట్ల మాత్రం ఇంటి బయట క్షేమంగా తప్పుకునే వీలుంటే తప్పుకోవాలి. ఇవన్నీ కోర్టులో నెలల తరబడి తీరికగా వాదించేవి. నీకు ఉండేది రెండు మూడు సెకన్లు.

1992 అక్టోబరులో లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్‌లో, జపాను నుంచి చదువుకు వచ్చిన పదహారేళ్ళ కుర్రాడు ఒక పార్టీకి వెళుతూ పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టాడు. ఇంటాయన రివాల్వరు పట్టుకుని "కదలకు" అని కేకేశాడు. ఆ ఇంగ్లీషు మాట పిల్లవాడికి అర్థం కాలేదంటారు. ముందుకు వచ్చాడు, గుండు తగిలింది, ప్రాణం పోయింది. మరుసటి ఏడు జ్యూరీ ఇంటాయన నేరస్థుడు కాదంది. అయితే 1994లో సివిల్ కోర్టు ఆరున్నర లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టమంది. జైలు తప్పినవాడికి కూడా బాకీ తప్పలేదన్నమాట. మనకు ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, చిరునామా సరిగ్గా చూసుకోకుండా ఊరుగాని ఊళ్ళో తలుపులు తట్టకూడదు. రెండు, తుపాకి చేతిలో ఉన్నవాడికి భయం చెప్పిందే నిజమని తోస్తుంది.

మరి ఏం చెయ్యాలి?

వీసా మీద ఉన్నవారికి నా సలహా సూటిగా ఉంటుంది. ముట్టుకోవద్దు. స్నేహితులు రేంజికి రమ్మంటే కాఫీకి కలుద్దామనండి. గదిలో ఉండే మిత్రుడు పౌరుడై, అతనికి పిస్తోలు ఉంటే, తాళం వేసిన ఇనప్పెట్టెలో పెట్టమనండి. తాళంచెవి గాని, తాళం అంకెలు గాని మీకు తెలియకూడదు. ఒప్పుకోకపోతే గది మారండి. ఇంకొకరి కారు నడిపేటప్పుడు "ఇందులో ఏమైనా ఉందా" అని అడగడానికి మొహమాటపడకండి.

గ్యాస్ స్టేషన్లలో రాత్రిపూట పనిచేసే పిల్లల సంగతి మరీ కష్టం. అనుమతి లేకుండా కళాశాల బయట పనిచెయ్యడమే వీసాకు ముప్పు. పైగా కౌంటరు కింద సొరుగులో యజమాని పిస్తోలు పెట్టి, "అవసరమైతే తియ్యి" అంటాడు. ఆ మాటతో అది నీ స్వాధీనంలోకి వచ్చినట్టు వాదించడానికి ప్రాసిక్యూటరుకు వీలు దొరుకుతుంది. దొంగ వస్తే గల్లా తెరిచి డబ్బు ఇచ్చెయ్యండి. వెంటపడకండి. డబ్బు యజమానిది, ప్రాణం మీది. వాడు పోయాక తలుపు గడియ వేసి 911కి ఫోను చెయ్యండి. ఆ డబ్బు జీతంలో కోస్తానన్న యజమాని దగ్గర మర్నాడు పని మానెయ్యండి.

రాత్రి గ్రంథాలయం నుంచి గదికి రావడానికి చాలా విశ్వవిద్యాలయాల్లో క్యాంపస్ పోలీసులను అడిగితే తోడు పంపిస్తారు. దానికి సిగ్గుపడనక్కరలేదు. నెలకు యాభై డాలర్లు ఎక్కువైనా వెలుతురున్న వీధిలో గది తీసుకోండి. పోలీసు కారు ఆపితే చేతులు రెండూ స్టీరింగు మీద కనబడేటట్టు ఉంచి, కాగితాల కోసం సొరుగు తెరిచేముందు చెప్పి తెరవండి.

కొనుక్కునే హక్కు ఉన్న పాత విద్యార్థులకు కూడా ఒక మాట. ఇంట్లో పిల్లలుంటే తాళం వెయ్యని పిస్తోలు ఉండకూడదు. ట్రిగ్గరును పూర్తిగా మూసే ఒర లేకుండా జేబులోనో, చేతిసంచిలోనో వెయ్యకూడదు. కారులో వదిలి వెళ్ళకూడదు, దొంగలు వెతికేది వాటికోసమే. తాగిన రోజున ముట్టకూడదు. అన్నిటికంటె పెద్ద సంగతి వేరే ఉంది. అమెరికాలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగ కోసం కొన్న తుపాకి, మనసు బాగాలేని ఒక రాత్రి ఇంట్లోవాళ్ళ మీదికే వస్తుందన్నమాట. చదువు సాగక, ఉద్యోగం రాక కుంగిపోయిన కుర్రాడి ఇంట్లో అది లేకపోవడమే మేలు. అటువంటి రాత్రి 988కి ఫోను చేస్తే పలికే మనిషి ఉంటారు. మన కళాశాల మిత్రులూ ఉన్నారు.

చివరిగా తిరుగు ప్రయాణం. రేంజిలో ఏరుకున్న తూటా జ్ఞాపకంగా సంచి మూలలో ఉండిపోతే మన విమానాశ్రయంలో స్కానింగులో దొరుకుతుంది. 1959 చట్టంలో తూటాకు కూడా లైసెన్సు కావాలి. తెలిసి ఉంచుకున్నదే నేరమని మన సుప్రీంకోర్టు 1972లోనూ, 1994లోనూ చెప్పిన మాట నిజమే. అయితే తెలియదని నిరూపించుకోవడానికి వకీలు, వాయిదాలు, పోయిన విమానం, ఇవన్నీ ఉంటాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పెట్టె సర్దేముందు సంచి ఒకసారి బోర్లించి దులపండి.

చట్టాలు మారుతుంటాయి. ఏటా ఏదో ఒక రాష్ట్రం ఏదో ఒకటి సవరిస్తూనే ఉంటుంది. అందుచేత ఇందులో ఉన్న వివరాలను వెళ్ళే ముందూ, వెళ్ళాక కూడా అక్కడి విశ్వవిద్యాలయపు విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అడిగి సరిచూసుకోండి. ఆ పని వారి ఉద్యోగంలో భాగమే, విసుక్కోరు. మీ తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పు తెచ్చి కట్టిన ఫీజుకు దక్కింది పాస్‌పోర్టులోని ఆ వీసా కాగితం. మీ భయాన్ని నేను తక్కువ చెయ్యను. కాని ఆ భయానికి మందు మీ వీసా మీదికి తెచ్చేది కాకుండా చూసుకోండి.